అయిదో సీసాలో నీళ్లు

పోయినవారం నన్ను నేనే మొగలిపేట చేపలవాళ్ల పల్లెలో ఒక తాటాకింటి గుమ్మం ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టుకుని వెళ్లిపోయాను. చదివేవారిలో ఒకాయన ఉత్తరం కూడా రాశాడు, "తమరికి వడదెబ్బ తగల్లేదు కదా" అని. తగల్లేదు లెండి. తగిలినా బాగుండేది. మంచంమీద పడి ఉండేవాణ్ణి, ఇవాళ ఇదంతా రాసే పని తప్పేది.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి. నా పేరు శ్రీరామమూర్తి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద పెద్ద రైలు వంతెన ఇంకా కడుతున్న రోజుల్లో నేనొక శానిటరీ దొరగారి దగ్గర గుమాస్తాని. ఊరూరా నీళ్లు పట్టి, సీసాకి చీటీ అంటించి, చెన్నపట్నం పరీక్షకి పంపడం నా పని. రాజమండ్రి, ఏలూరు, కాకినాడ, అమలాపురం, నరసాపురానికి దిగువనున్న మా అత్తవారి ఊరు మొగలిపేట. అయిదు ఊళ్లు, అయిదు సీసాలు. ఏ ఊరి నీళ్లు ఎలాంటివో పక్కపక్కన పెట్టి చూసి, కొళాయిలు ఎక్కడ ముందు వెయ్యాలో దొరగారు తేల్చాలి.

శ్రావణమాసం, గోదావరి ఎర్రనీరు. నాలుగు సీసాల్లోనూ బురద నీళ్లే. అయిదోది మాత్రం అద్దంలా ఉంది. చెన్నపట్నంవాళ్లు దాన్నే మెచ్చుకున్నారు. వడపోత తొట్లు కట్టక్కర్లేదు, మొగలిపేట రేవులోంచి నీళ్లు నేరుగా గొట్టాల్లోకి ఎక్కించొచ్చు అన్నారు. నాకెంత గర్వమో చెప్పలేను. అత్తవారి ఊరి నీళ్లంటే మాటలా అని ఆఫీసులో నలుగురి దగ్గరా అన్నాను.

ఆ శ్రావణంనుంచే నాకొక గొంతు వినపడ్డం మొదలైంది. రోజూ కాదు. పొద్దు వాలే వేళ, గదిలో ఒక్కణ్ణీ ఉన్నప్పుడు, కిటికీ అవతల ఎవరో మగమనిషి, అలసిపోయినవాడు, "ఏమే, కాసిని నీళ్లు" అనేవాడు. లేచి చూస్తే ఎవరూ ఉండరు. రాజమండ్రిలో విన్నాను, ఏలూరులో విన్నాను, కాకినాడలో అయితే చెంబుతో వీధిలోకి పరిగెత్తాను. దారిన పోయేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వేశాను, ఏం చేస్తాను.

తొమ్మిది నెలలు గడిచాక దొరగారికి ఒక అనుమానం వచ్చింది. వరదలో పట్టిన నీళ్లలో బురద లేకపోవడమేంటి, వెళ్లి కనుక్కురా అన్నారు. చెన్నపట్నం మెప్పు మీద మొగలిపేటలోనే ముందు గొట్టాలు వేశారు, సోమవారం కొళాయిలు విప్పుతారు; ఆ వేడుక చూడాలని మా ఆవిడ ముందే పుట్టింటికి చేరింది. నేను శనివారం పడవ దిగి, ఆ సీసా నింపిన ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ పేరు వీరవేణి. గుమ్మం ముందు నిలబడి పిలిచాను. లోపల్నుంచి జవాబొచ్చింది, "ఇంత ఆలస్యంగా వచ్చారేంటండి" అని.

అక్కడ కదా ఆపాను. ఇక కానిస్తాను.

ఒక్క అడుగు ముందుకేశాను. "చూసుకోండి బాబుగారూ, కాలు తగులుద్ది" అందామె. కిందికి చూస్తే గడప పక్కన కంచు చెంబు, నిండా నీళ్లు, మీద బాదమాకు మూత. "అది మా మావదండి" అంది.

మావ అంటే వాళ్లలో మొగుడు. తొమ్మిది నెలల కింద చూసినప్పుడు ఆమె నుదుట కాసంత బొట్టుండేది. ఇప్పుడు లేదు. ముప్పై దాటని మనిషి, చేతుల్లో వల, బాగుచేస్తూనే బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. నేను చూరు నీడలో బోర్లించి ఉన్న పాత దోనె మీద కూర్చున్నాను. ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకోబోయి, చెయ్యి దించేశాను. అంతమాత్రం ఇంగితం అప్పటికి వచ్చింది.

"నేనెవరో గుర్తున్నానా?" అన్నాను.

"గుర్తులేకేమండి. సీసా పంతులుగారు."

"ఆ సీసా సంగతే అడగొచ్చాను. ఆవేళ నీళ్లు రేవులో ఎక్కడ ముంచావు?"

వల మీంచి తలెత్తింది. "రేవులో ముంచడమేంటండి. ఆ ఎర్రనీళ్లు దొరగారికి పంపుతామా?"

నాకు వెంటనే అర్థంకాలేదు. అర్థంకాలేదని చెప్పడం కూడా అబద్ధమేనేమో. తెలిసింది, ఒప్పుకోబుద్ధి కాలేదు. "మరి ఎక్కడివి?" అన్నాను.

ఆమె నెమ్మదిగా చెప్పింది. వాళ్లాయన బుల్లియ్య వెదురు తెప్పల మీద పనికి పోలవరం పైకి వెళ్లేవాడు. వచ్చేటప్పుడల్లా అక్కడ నది నడిమధ్య, లోతు చూసి, రెండు కుండలు ముంచి తెచ్చేవాడు. ముసురు పట్టకముందు జ్యేష్ఠంలో తెచ్చిన నీళ్లు మూలనున్న జాడీలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి, మురికి అడుక్కి దిగేలా తేర్చి, గుడ్డ కట్టి ఉంచుకునేవాళ్లు. మనింట్లో నెయ్యి దాచుకున్నట్టు దాచుకునేవాళ్లు. చుట్టం వస్తే ఒక లోటా, జ్వరం వస్తే ఒక లోటా.

"మీరు సీసా ఇచ్చి, ఇది చెన్నపట్నం దొరగారికి వెళ్తుంది, మీ ఊరి నీళ్లెలా ఉంటాయో చూస్తారు అన్నారు గదండి. మన ఊరి పరువు అనుకున్నాను. గుమ్మంలోకొచ్చి దాహమన్నవాళ్లకి బురద నీళ్లు పొయ్యం. దొరగారికి పోస్తామా? జాడీలోవి పోశాను."

దొర తాగడానికి కాదే తల్లీ, ఉన్నదున్నట్టు చూడ్డానికి అని నేను ఆవేళ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని తోచనేలేదు. ఎవరి చేతైనా చెంబిచ్చి నీళ్లు తెమ్మంటే ఉన్నవాటిలో మంచివి తెస్తారు. ఈ గోదారి ఒడ్డున పుట్టి, ఆ మాత్రం నాకు తెలియకపోవడం చూడండి.

"ఎన్ని నీళ్లున్నాయి జాడీలో?" అన్నాను. ఎందుకడిగానో తెలీదు. గుమాస్తా బుద్ధి.

"ఒక బిందెడుంటాయేమోనండి. సీసాకి రెండు చెంబులే పట్టేవి. కానీ మీరొక మాట చెప్పారు."

ఆ మాట నాకు గుర్తొచ్చింది. ఆమె నోట వినక ముందే గుర్తొచ్చింది. మా ఆఫీసు నియమం. ఏ నీళ్లు నింపుతామో ఆ నీళ్లతోనే సీసాని ముందు మూడుసార్లు బాగా తొలవాలి. ప్రతి ఊళ్లోనూ చిలకలా వల్లించేవాణ్ణి.

"మూడుసార్లు తొలిచానండి. సీసా నిండా పోసి, కలియతిప్పి, పారబోసి, మళ్లీ పోసి. మీరు చెప్పినట్టే. మట్టిలో పోతుంటే మనసొప్పలేదుగానీ పంతులుగారు చెప్పారు గదా అనుకున్నాను. ఆఖరికి నింపేసరికి జాడీ అడుగు కనపడింది."

వల పక్కన పెట్టేసింది. ఇంతసేపూ నాతో మాట్లాడుతున్న మనిషి, ఇప్పుడు ఆ కంచు చెంబుతో మాట్లాడుతున్నట్టు చూపు అటు తిప్పింది.

"ఆ సాయంత్రమే మా మావ ఊడిపడ్డాడండి. వరదకి తెప్పలు ఆపేశారంట. రెండు రోజులు తిండి లేదు, కళ్లు లోపలికి పోయున్నాయి. ఆ గడపలోనే కూలబడి, ఏమే, కాసిని నీళ్లు, అన్నాడు."

ఎండ మండుతోంది. తొమ్మిది నెలలుగా నేను వింటున్న మాటలు ఆమె నోట అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. అదే విరుపు, ఏమే దగ్గర ఆగడం, నీళ్లు దగ్గర గొంతు పడిపోవడం. దోనె అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

"జాడీలో లేవని చెబితే ఎందుకు లేవంటాడు. చెప్పడానికి సిగ్గేసింది. వేసంగిలో అయితే అవతల ఇసక తిప్పలో చెలమ తవ్వుకుని ఆ నీళ్లే తాగుతామండి, మా పల్లెలో ఎవరూ రేవునీళ్లు నోట పొయ్యం. వరదకి తిప్ప మునిగిపోయింది. రేవులోవే ముంచుకొచ్చి, చిల్లగింజ బాగా అరగదీశాను. తేరాయండి. జాడీ నీళ్లకీ వాటికీ తేడా తెలీలేదు. మూడు లోటాలు తాగాడు. చల్లగా ఉన్నాయే అన్నాడు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. ఆ పొద్దుగూకే వేళకి..." అని ఆగి, "మీ సీసా అప్పటికి ఏలూరు దాటుంటుందేమో" అంది.

దాటలేదు. మా అత్తవారి అరుగుమీదే ఉంది. పిండివంటలు సగంలో వదిలి ఎలా వెళ్తారని అత్తగారు ఆపేస్తే నేను మర్నాడంతా ఉండిపోయాను. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు.

"రేవునీళ్లు ఎందుకు తాగరు మీరు?" అన్నాను.

"మీ పేట మురుగంతా ఎక్కడ కలుస్తుందో చూడలేదాండి? రేవుకి పది బారల ఎగువన. జాడ్యం వచ్చినింటి బట్టలూ అక్కడే జాడిస్తారు. ఇప్పుడు కొళాయిలకి నీళ్లు తోడే ఆవిరి మిషను గొట్టం ఎక్కడ దించారో తెలుసా? ఆ రెంటికీ మధ్యన. మా వాళ్లు చెప్పబోయారు. చెన్నపట్నంలో పాసైన నీళ్లు, మీకేం తెలుసు పొమ్మన్నారంట కొళాయిల కమిటీవారు."

అప్పుడు సంచీ విప్పాను. చీటీ నకలు తెచ్చుకున్నాను, దొరగారికి సంజాయిషీ రాయాలి కదా. దాన్ని అటూ ఇటూ తిప్పి దాచెయ్యబోతుంటే "ఏంటండి అది" అంది.

"సీసా మీద అంటించిన చీటీ. నేను రాసింది."

"చదవండి."

చదివాను. "మొగలిపేట రేవు. నది నీరు. నా సమక్షమున నింపబడినది. శ్రీరామమూర్తి."

"సమక్షమంటే?"

"నా కళ్లెదుట అని."

ఆమె తిట్టలేదు. తిడితే ఎంత హాయిగా ఉండేదో. "ఆవేళ మీ కళ్లెదుట ఏముందండి?" అని మాత్రం అడిగింది. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"గారెలు" అన్నాను.

అబద్ధం చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎండగా ఉందనీ, రేవు దారి బురదనీ, చేపల వాసననీ, శ్రావణ శుక్రవారం అత్తగారింట్లో విస్తరి వేసి ఉందనీ, దారిలో ఎదురైన ఆమె చేతిలో సీసా పెట్టి, నింపి అరుగుమీద పెట్టిపో అని చెప్పి వెళ్లి భోజనానికి కూర్చున్నానని అన్నీ చెప్పాను. ఆ తరవాత, ఎవరికీ చెప్పనిది, మా ఆవిడకి కూడా చెప్పనిది, కిటికీ అవతల వినపడే గొంతు సంగతి కూడా చెప్పాను.

ఆమె లేచి నిలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నాడండి?"

"నువ్విప్పుడు చెప్పిందే. ఏమే, కాసిని నీళ్లు అని."

"మీకు వినపడిందా?" అంది. మళ్లీ అదే అంది, "మీకు వినపడిందా?" ఆ చెంబు చూపించింది. "తొమ్మిది నెలలండి. ప్రతి పొద్దూ, వరద తీసినప్పట్నుంచీ చెలమ దాకా వెళ్లి, మంచినీళ్లు తెచ్చి అక్కడ పెడుతున్నాను. ఇక్కడికొచ్చి అడుగుతాడని. ఒక్కనాడూ నాకు వినపడలేదు. నన్నడగకుండా మిమ్మల్నడుగుతున్నాడా?"

జన్మలో ఇంత చిన్నబోయిన రోజు లేదు. ఆమె మొగుడి ఆఖరి మాట కూడా నేనే ఎత్తుకుపోయినట్టు అనిపించింది.

చెంబు మీద ఆకు సర్దుతూ అడిగింది. "కోపంగా ఉంటాడాండి?"

"లేదు. దాహంగా ఉంటాడు. అంతే."

ఆమె కూర్చుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు. నేను ఇసుకలోకి చూస్తూ కూర్చున్నాను. పక్కింటి కోడిపెట్ట వచ్చి చెంబు మీద ఆకుని పొడవబోతే తోలాను. నేను చెయ్యగలిగింది ఆ ఒక్కటే.

కళ్లు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్లి, గూట్లోంచి ఏదో తెచ్చి నా పక్కన దోనె మీద పెట్టింది. చిల్లగింజ. సగం అరిగిపోయి ఉంది.

"తీసుకెళ్లి దొరగారికి చూపించండి. తేటగా ఉంటే మంచివి కావని చెప్పండి. నా పేరు కూడా చెప్పండి. ఏం చేస్తారో చెయ్యమనండి. ఆ కొళాయిలు మాత్రం విప్పనియ్యకండి బాబుగారూ. పేటలో ఎంతమంది ఆడోళ్లు బిందెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారో. నేనొక్కదాన్నే పోశాను, ఒక్కడే పోయాడు. అది ఊరంతటికీ పోస్తుంది."

"సోమవారం కదా. ఇవాళ శనివారం. ఇప్పుడే వెళ్లి కమిటీవారి కాళ్లమీద పడతాను. చీటీ అబద్ధమని రాసిస్తాను. ఉద్యోగం పోతే పోయింది" అన్నాను. అన్నది మనస్ఫూర్తిగానే. రెండు రోజులున్నాయి. తొమ్మిది నెలల్లో మొదటిసారి గుండె తేలికైంది. గింజ జేబులో వేసుకుని లేచాను.

పల్లె దాటి, మురుగు కాలవ దాటి పేటలోకి వచ్చాను. కాలవ దాటేటప్పుడు చూశాను. ఆమె చెప్పినట్టే పది బారలు. మధ్యలో ఇనప గొట్టం నీళ్లలోకి దిగి ఉంది. తొమ్మిది నెలల కింద నాలుగడుగులు వేసి ఉంటే ఈ మురుగు కనపడేది.

కమిటీవారి ఇంటికి మా అత్తవారి వీధిలోంచే వెళ్లాలి. వీధి మొదట్లో కొత్త కొళాయి, రాతి దిమ్మ మీద ఇత్తడి మూతి. పసుపు రాసి, మామిడాకులు కట్టి ఉన్నాయి. ఆకులు వాడిపోయి ఉన్నాయి. దిమ్మ చుట్టూ నేల తడి. విప్పేముందు ఒకసారి నడిపి చూసి ఉంటారు అనుకున్నాను. చూడకుండా విప్పరు కదా అని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను.

అరుగుమీద మా అత్తగారు బియ్యం ఏరుకుంటున్నారు. నన్ను చూసి చెంగు సర్దుకుని లేచి, తలుపు వారకి జరిగారు. "రండి నాయనా. ఇంత ఎండలోనా? కాళ్లు కడుక్కోండి."

"తరవాత కడుక్కుంటానండి. ముందు కమిటీవారిని చూడాలి. సోమవారం కొళాయిలు..."

"ఇంకెక్కడి సోమవారం. దొరలు పెట్టారు గానీ సోమవారం అమావాస్య కదూ. ఎవరో పంచాంగం చూసి చెబితే ముందుకి జరిపారు. గురువారమే విప్పేశారు. మేళం పెట్టి మరీ విప్పారు. మీరుంటే చూద్దురు."

అమావాస్య. వేదం చదివిన ఇంట్లో పుట్టాను, తిథి చూడకుండా పడవెక్కను. ఆ సోమవారం ఏ తిథో ఒక్కసారి వేళ్లమీద లెక్కపెట్టుకోలేదు.

అత్తగారు ఇంకా చెబుతున్నారు. "నేను తాగలేదు బాబూ. ఆ కొళాయి లోపల తోలు బిళ్ల ఉంటుందిట, మడికి పనికిరాదు. నాకు మన నుయ్యే గతి. వీధిలో ఆడవాళ్లంతా అదే మాటని వెనక్కి జంకుతుంటే, మన అమ్మాయే ముందుకెళ్లింది. మా ఆయన పరీక్ష చేసి పంపిన నీళ్లు, వీటికి మైలేంటి అని దోసిలి పట్టి అందరిముందూ తాగింది. ఆ తరవాతే అందరూ బిందెలు పెట్టారు. అప్పట్నించీ అమ్మాయికి అవే నీళ్లు. వేరేవి ముట్టదు."

"ఎక్కడుంది?" అన్నాను.

అత్తగారు తలుపు చాటునుంచి చిన్నగా నవ్వారు. మనవడి కోసం మూడేళ్లుగా ఆవిడ దాచుకున్న నవ్వు. "పడుకుంది. తెల్లవారుజామునుంచీ కడుపులో తిప్పుతోందిట. రెండుసార్లు వాంతి కూడా అయింది. నాకైతే వేరే అనుమానంగా ఉంది నాయనా. ఆ మాట మంత్రసాని చెబితే బాగుంటుంది గానీ."

చెప్పులతోనే లోపలికి వెళ్లాను. సావిట్లో బిందె, దానిమీద తళతళలాడే చెంబు. నీళ్లు బిందె అడుగుదాకా కనపడుతున్నాయి. పడగ్గది చీకటిగా ఉంది. మా ఆవిడ, బాలాత్రిపురసుందరి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది. కళ్లు లోపలికి పోయున్నాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"వచ్చారా" అంది. పెదాలు తడుపుకుంది. "ఏమండీ, కాసిని నీళ్లు."